ఆకాశానికి లిఫ్ట్ సరే, తాడు ఎవరు పేనాలె?

మొన్న బోధన్‌లో ఇంటర్ పూర్తి చేసిన పిల్లలతో కెరీర్ గురించి మాట్లాడటానికి వెళ్లాను. అన్నీ మామూలు ప్రశ్నలే వచ్చాయి. సీఎస్ఈ మంచిదా, ఏఐ-ఎంఎల్ మంచిదా? ఏ కాలేజీలో ప్లేస్‌మెంట్స్ ఎక్కువ? ఈ ర్యాంకుకు హైదరాబాద్‌లో సీటు వస్తుందా? గంటన్నర అవే తిరిగాయి. ఇక లేద్దామనుకునేసరికి చివరి బెంచీలో ఒకమ్మాయి లేచి నిలబడింది. 'సార్, స్పేస్ ఎలివేటర్ నిజంగ అయితదా? మనం ఉండంగ చూస్తమా?'

గది గదంతా నవ్వింది. 'ముందు మన బస్టాండుకు టైముకు బస్సు రానీ' అన్నాడొకడు. నేనూ నవ్వాను. ఏదో రెండు ముక్కలు చెప్పి బయటపడ్డాను. నిజామాబాద్ బస్సెక్కాక మాత్రం సిగ్గేసింది. ఆ గంటన్నరలో అసలైన ఇంజినీరింగ్ ప్రశ్న అదొక్కటే. దానికి జవాబు చెప్పకుండా వచ్చాను. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. స్పేస్ ఎలివేటర్ ఆగింది రాకెట్ల దగ్గర కాదు, తాడు దగ్గర. ఆ తాడు సంగతి తేల్చాల్సినవాళ్లు మెటీరియల్స్ చదివినవాళ్లు. ఆ గదిలో ఉన్న అరవై డెబ్బై మందిలో ఒక్కరు కూడా పేరెత్తని బ్రాంచి అది.

ముందు సంగతేంటో చూద్దాం. జొన్న చేలో పిట్టల్ని కొట్టే వడిసెల తెలుసు కదా. రాయి పెట్టి గిరగిరా తిప్పితే తాడు బిగుసుకుంటుంది. రాయి బయటికి పోవాలని లాగుతుంది, చెయ్యి లోపలికి లాగుతుంది. భూమే ఆ చెయ్యి అనుకోండి. భూమధ్యరేఖ మీద ఒకచోట తాడు కట్టి, రెండో కొసను చాలా దూరం తీసుకుపోయి అక్కడ ఒక బరువు కడతారు. భూమి తిరుగుతుంటే ఆ బరువు తాడును బిగబట్టి ఉంచుతుంది. ఆ తాడు పట్టుకుని కరెంటు బండి ఒకటి మెల్లగా పైకి పాకుతుంది. లిఫ్ట్ అంటే ఇదే. పైన దేనికీ వేలాడదీసినట్టు కనిపించదు కాబట్టి మొదటిసారి వింటే మాయలాగే ఉంటుంది కానీ, ఫిజిక్స్ ప్రకారం తప్పేమీ లేదు.

నేల నుంచి 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహం సరిగ్గా భూమితో పాటే తిరుగుతుంది. మన టీవీ డిష్ ఎప్పుడూ ఒకే దిక్కు చూడటానికి కారణం అదే. దాన్ని భూస్థిర కక్ష్య అంటారు. తాడు అక్కడితో ఆగకూడదు, బరువు తూగాలంటే ఇంకా పైకి పోవాలి. మొత్తం లక్ష కిలోమీటర్ల దాకా. జపాన్ నిర్మాణ సంస్థ ఒబయాషి 2012లో ప్రకటించిన ప్లానులో తాడు పొడవు 96,000 కిలోమీటర్లు. 2050 నాటికి కడతామన్నారు. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతే భూస్థిర కక్ష్య చేరడానికి ఏడున్నర రోజులు పడుతుంది.

ఇంత కష్టం ఎందుకంటే, రాకెట్ అనేది చాలా దండగమారి బండి. 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసిన ఎల్‌వీఎం3 బరువు సుమారు 640 టన్నులు. అది మోసుకెళ్లిన చంద్రయాన్ 3,900 కిలోలు. అంటే నూటికి ఒకటి కూడా లేదు. మిగతాదంతా ప్రధానంగా ఇంధనమే. ఆ ఇంధనాన్ని మోయడానికి మళ్లీ ఇంధనం. బోధన్ నుంచి నిజామాబాద్‌కు ఒక్క బస్తా చక్కెర పంపడానికి వెనక వంద ట్యాంకర్ల డీజిల్ కట్టుకుపోయినట్టు. తాడు ఉంటే ఆ గోల ఉండదు.

ఇక తాడు సంగతి. దీనికి మన జిల్లాలో ఏ రైతునడిగినా చెప్పగల ఉదాహరణ ఒకటుంది. బోరులో మోటారు దించేటప్పుడు పైపుకు పైపు బిగిస్తూ పోతారు. 100 ఫీట్లకు దించినప్పుడు ఇబ్బంది లేదు. 600 ఫీట్లకు పోతే? అందరికంటే పైన ఉన్న పైపు మోటారునొక్కదాన్నే మోయదు. కింద ఉన్న పైపులన్నిటినీ, వాటిలో నిలిచిన నీళ్లనూ మోస్తుంది. తెగితే గిగితే సాధారణంగా పైనే తెగుతుంది. లోతు పెరిగేకొద్దీ పైపు మోటారు బరువుకు కాదు, తన బరువుకే భయపడాలి.

దీన్నే లెక్కలో పెడితే, ఏ పదార్థమైనా తన బరువుకు తానే తెగిపోయే పొడవు ఒకటి ఉంటుంది. మామూలు ఇనుప కడ్డీని వేలాడదీస్తూ పోతే ఐదారు కిలోమీటర్ల దగ్గర తెగుతుంది. క్రేన్లకు వాడే గట్టి ఉక్కు తీగ పాతిక కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లలో వాడే కెవ్లార్ 250 కిలోమీటర్లు. ఇప్పుడు కొనుక్కోగల మంచి కార్బన్ ఫైబర్ 400 కిలోమీటర్ల వరకు. మరి కావాల్సిందెంత? పైకి పోయేకొద్దీ భూమి లాగే బలం తగ్గుతుంది, తిరగడం వల్ల కొంత కలిసొస్తుంది. అవన్నీ తీసేశాక కూడా, ఇక్కడ నేల మీద లెక్కగడితే దాదాపు 4,900 కిలోమీటర్లు తెగకుండా వేలాడగల తాడు కావాలి. ఉక్కుకు అది దాదాపు 200 రెట్ల దూరం. కార్బన్ ఫైబర్‌కు 12 రెట్లు.

తెలివైనవాళ్లు ఇక్కడ ఒక ఉపాయం చెబుతారు. తాడును అంతటా ఒకే మందంతో ఎందుకు చేయాలి? బరువు ఎక్కువ పడేచోట లావుగా, తక్కువ పడేచోట సన్నగా చేస్తే పోలేదా? నిజమే, అలాగే చేయాలి. భూస్థిర కక్ష్య దగ్గర అన్నిటికంటే లావు, నేల దగ్గర సన్నం. కానీ కెవ్లార్‌తో చేస్తే ఆ లావు కింది కొసకు 26 కోట్ల రెట్లు వస్తుంది. కింద చిటికెన వేలంత తాడు పెడితే పైన ఊరంత తాడు. ఉక్కుతో అయితే వచ్చే అంకెను పేపర్లో అచ్చు వేయడం కూడా వేస్టు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. రష్యాలో సియోల్కోవ్‌స్కీ 1895లోనే ఆకాశాన్నంటే స్తంభం గురించి రాశాడు. పైనుంచి తాడు దించాలన్న మాట 1960లో యూరీ ఆర్ట్సుటానోవ్ అన్నాడు. అమెరికాలో జెరోమ్ పియర్సన్ 1975లో లెక్కలు కట్టాడు. ఆ తర్వాత అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పోటీలు కూడా పెట్టింది. అందులో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. రెండు పోటీలు పెట్టారు. తాడు మీద పాకే యంత్రానికి ఒకటి, గట్టి తాడుకు ఒకటి. 2009లో లేజర్‌మోటివ్ అనే చిన్న టీము, నేల మీద నుంచి లేజర్ కాంతితో కరెంటు అందిస్తూ, హెలికాప్టర్ నుంచి వేలాడదీసిన కిలోమీటరు తాడు మీద యంత్రాన్ని పాకించి 9 లక్షల డాలర్లు గెలుచుకుంది. తాడు బహుమతి మాత్రం ఎవరికీ రాలేదు. డబ్బు అలాగే మిగిలింది. లిఫ్ట్ పెట్టె దొరికింది, తాడే దొరకలేదు.

అయితే ఆశ ఎక్కడ? 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా కార్బన్ నానోట్యూబుల గురించి ప్రకటించాడు. కార్బన్ పరమాణువులను కోడిపంజరం జాలీలా అల్లి, గొట్టంలా చుడితే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. వెంట్రుక మందంలో వేల వంతు. బరువు తక్కువ, బలం విపరీతం. 2018లో చైనాలోని చింగ్‌హువా యూనివర్సిటీ వాళ్లు ఇలాంటి గొట్టాల చిన్న కట్టను లాగి చూస్తే, లెక్కకు సరిపోయేంత బలం వచ్చింది. కానీ దాని పొడవు సెంటీమీటర్లలో ఉంది. ఒకే ఒక్క నానోట్యూబును పొడవుగా పెంచడంలో 2013లో అదే యూనివర్సిటీ సాధించింది అర మీటరు. కావాల్సింది లక్ష కిలోమీటర్లు.

పొట్టి పోగులను కలిపి పేనితే సరిపోదా అని అడగొచ్చు. మన ఊళ్లలో జనుము నారతో తాడు పేనేది అలాగే కదా. నార పోగు రెండు మూడు గజాలే ఉన్నా, మెలితిప్పితే ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. గరుకుదనమే అక్కడ బలం. నానోట్యూబులు నున్నటివి. పేనితే ఒకదాని మీంచి ఒకటి జారిపోతాయి. అందుకే ఒక్క ట్యూబుకున్న బలంలో చిన్న వంతే దారానికి వస్తోంది. మధ్యలో ఒక్క పరమాణువు తప్పిపోయినా బలం పడిపోతుంది. లక్ష కిలోమీటర్లలో ఒక్క తప్పూ లేకుండా అల్లడం అనేది ఫిజిక్స్ కాదు, ఫ్యాక్టరీ పని. నాణ్యత పని. ఓపిక పని.

ఇక్కడ మన జిల్లా కథలోకి వస్తుంది. నేనేమీ లాక్కొచ్చి కలపడం లేదు.

కమ్మర్‌పల్లి మండలంలో కోనసముందర్ అనే ఊరుంది. పాత పుస్తకాల్లో కోనసముద్రం. (మండలం పేరులోనే కమ్మరి ఉన్నాడు, చూశారా.) రెండు వందల ఏళ్ల కింద వరకూ ఇక్కడ మూసల్లో ఉక్కు కాచేవారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఊట్జ్ అన్నారు. మన 'ఉక్కు' మాటే వాళ్ల నోట్లో అలా తిరిగిందని చాలామంది పండితుల అభిప్రాయం. ఇనుము ముక్కల్ని మట్టి మూసలో వేసి, మూత పెట్టి, గంటల తరబడి కొలిమిలో కాచి, మెల్లగా చల్లార్చేవారు. హెన్రీ వాయ్‌సీ అనే బ్రిటిష్ డాక్టర్ ఈ ఊరొచ్చి కళ్లారా చూసి రాసిన వ్యాసం 1832లో కలకత్తాలో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును ఇక్కడి పనివాళ్లు పాళ్లు కట్టి కలిపేవారని అందులో ఉంది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన దగ్గరుండి తూకం చూసుకునేవాడట. తమ దేశంలో ఇలాంటి ఉక్కు చేయాలని చూసి విఫలమయ్యారని కూడా ఆయన చెప్పాడు. డమాస్కస్ కత్తులకు అసలు సరుకు ఇలాంటి దక్కన్ ఉక్కే.

ఇప్పుడు 2006కు రండి. జర్మనీలోని డ్రెస్డెన్‌లో పీటర్ పౌఫ్లర్ బృందం పదిహేడో శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కను యాసిడ్‌లో కరిగించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టింది. అందులో కార్బన్ నానోట్యూబులు కనిపించాయని 'నేచర్' పత్రికలో రాశారు. అంటే ఆకాశపు తాడుకు మనం వెతుకుతున్న పదార్థం, దక్కన్ ఉక్కుతో చేసే రకం కత్తిలో బయటపడింది.

ఇది వాట్సాప్‌లో పెట్టి 'మనవాళ్లకు అన్నీ ముందే తెలుసు' అని రాసుకునే సంగతి మాత్రం కాదు. ఆ కత్తిలోని ఉక్కు కోనసముందర్‌దే అని ఎవరూ రుజువు చేయలేదు. పౌఫ్లర్ చెప్పినదాన్ని ఒప్పుకోని శాస్త్రవేత్తలూ ఉన్నారు. మన కమ్మరికి నానోట్యూబు అంటే ఏమిటో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆయనకు తెలిసింది వేరు. ఏ ఇనుములో ఏది ఎంత కలపాలి, మంట ఏ రంగుకు రావాలి, ఎంత మెల్లగా చల్లార్చాలి. ఆ చేతి విద్య ఒక తరంలో తెగిపోయింది. ఇంగ్లండ్ ఉక్కు చౌకగా వచ్చింది, కొలిములు ఆరిపోయాయి, ఎవరూ రాసిపెట్టలేదు. బెంగళూరులోని నియాస్, బ్రిటన్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ పరిశోధకులు 2010లో ఉత్తర తెలంగాణ ఊళ్లు తిరిగి చిట్టెం దిబ్బలను లెక్కపెట్టాల్సి వచ్చింది. మనకు మిగిలింది చిట్టెమే.

బోధన్ పిల్లలకు ఈ కథ పరాయిది అనిపించదు. శక్కర్‌నగర్‌లో 1930ల్లో నిజాం కట్టించిన షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవారు. 2015 డిసెంబరులో మూతపడింది. తెరుస్తామన్న మాట ఎన్నికలకోసారి వినిపిస్తూనే ఉంది. మూత వల్ల రైతుకు, కార్మికుడికి జరిగిన నష్టం గురించి చాలా రాశారు. నేను ఇంకోటి అంటాను. చక్కెర ఫ్యాక్టరీ అంటే క్రషింగ్ ఉన్న నాలుగైదు నెలలే కాదు. ఆఫ్ సీజన్‌లో మిల్లు రోలర్లు విప్పి పళ్లు సరిచేయడం, చెరుకు క్యారియర్ గొలుసు లింకు లింకూ చూడటం, క్రేన్ తాడులో ఎన్ని తీగలు తెగాయో చేత్తో తడిమి లెక్కపెట్టి, ఇక పనికిరాదని పక్కన పెట్టడం. అది కూడా మెటీరియల్స్ సైన్సే. పుస్తకంలో దాన్ని 'ఫెటీగ్' అంటారు, ఫిట్టరు 'లోహం అలిసిపోయింది' అంటాడు. అలాంటి మనుషులు రిటైరై ఇళ్లలో కూర్చున్నారు. వాళ్ల దగ్గర నేర్చుకున్న పిల్లలెవరు?

స్పేస్ ఎలివేటర్‌కు ఆఫ్ సీజన్ ఉండదు. అది నిలబడ్డాక అసలు తలనొప్పి మొదలవుతుంది. భూమి చుట్టూ తిరిగే ప్రతి ఉపగ్రహమూ, ప్రతి చెత్త ముక్కా భూమధ్యరేఖను ప్రతి చుట్టులో రెండుసార్లు దాటాల్సిందే. తాడు ఉండేది అక్కడే. కింది కక్ష్యల్లో సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో పోయే బోల్టు ముక్క తగిలితే చాలు. వందల కిలోమీటర్ల ఎత్తులో విడి ఆక్సిజన్ పరమాణువులు తాడును తుప్పులా తినేస్తాయి. కింద పిడుగులు, తుపాన్లు. మనుషులు ఎక్కితే, నిదానంగా పోతారు కాబట్టి రేడియేషన్ పట్టీల్లో ఎక్కువసేపు ఉండాల్సి వస్తుంది. వీటిలో ఒక్కోదానికి ఏదో ఒక ఉపాయం చెబుతున్నారు. కానీ తాడును రోజూ తడిమి చూసి, ఎక్కడ పోగు తెగిందో పట్టుకుని, నడుస్తుండగానే మరమ్మతు చేయగల వ్యవస్థ లేకపోతే అవన్నీ కాగితం మీదే.

మనం ఉండంగ చూస్తమా? నా అంచనా, చూడం. 2050 అని రాసుకున్నవాళ్ల చేతిలో కూడా ఈరోజు తాడు లేదు. కానీ ఆ తాడు కోసం వెతికే దారిలో దొరికేవన్నీ మనం చూస్తాం, చూస్తున్నాం కూడా. ఎత్తైన భవనాల లిఫ్టుల్లో ఉక్కు తాడు 500 మీటర్లు దాటితే తన బరువుకే బరువైపోతుంది. సరిగ్గా మన బోరు సమస్యే. అందుకే ఫిన్లాండ్ కంపెనీ కోనే 2013లో కార్బన్ ఫైబర్ పట్టీతో కిలోమీటరు ఎత్తుకు పోగల లిఫ్ట్ తాడు తెచ్చింది. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి పంపిన విక్రమ్-ఎస్ ఒళ్లు కార్బన్ కాంపోజిటే. ఇస్రో రాకెట్లకు ప్రత్యేక ఉక్కు, టైటానియం మిశ్రమాలు ఇచ్చే మిధాని, పక్కనే డీఎంఆర్ఎల్, బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ, ఇవన్నీ మనకు మూడు నాలుగు గంటల బస్సు దూరంలోనే ఉన్నాయి.

ఇంకో చిన్న ముచ్చట. చక్కెర బరువులో నూటికి 42 వంతులు కార్బనే. 2010లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీవాళ్లు మామూలు చక్కెర నుంచే గ్రాఫీన్ తీసి చూపించారు. చెరుకు పిప్పి నుంచి కార్బన్ పదార్థాలు తీసే పనులు చాలా దేశాల్లో జరుగుతున్నాయి. మనం పిప్పిని బాయిలర్‌లో వేసి కాల్చుకుంటున్నాం. కాల్చొద్దనడం లేదు, దాన్ని అలా కూడా చూసే పిల్లలు కొందరైనా ఉండాలంటున్నాను.

ఇక పని మాటలు. ఎప్‌సెట్‌తో హైదరాబాద్ జేఎన్‌టీయూలో మెటలర్జీ సీటు వస్తుంది. జేఈఈ బాగా రాస్తే వరంగల్ ఎన్ఐటీ, ఐఐటీ హైదరాబాద్. పదో తరగతి తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉంటే బాసర ట్రిపుల్ ఐటీ గుర్తుపెట్టుకోండి, గోదావరి దాటితే చాలు. పదో తరగతి మార్కులతో ఆరేళ్ల కోర్సు, అందులో మెటలర్జీ, కెమికల్ బ్రాంచీలూ ఉన్నాయి. ఎంపీసీ బీఎస్సీ చదివేవాళ్లకు జామ్ రాసి ఐఐటీల్లో ఎంఎస్సీకి పోయే దారి ఉంది. గేట్‌లో మెటలర్జీకి వేరే పేపరుంది, టెక్స్‌టైల్, ఫైబర్ సైన్సుకూ వేరే పేపరుంది. ఆకాశపు తాడు విషయంలో ఆ రెండో దాన్ని తక్కువ చూడొద్దు.

దాచి చెప్పడం నాకిష్టం లేదు. బీటెక్ అయిన రోజు ఈ బ్రాంచీల్లో వచ్చే జీతం, మంచి సాఫ్ట్‌వేర్ జాబు జీతంకంటే తక్కువే ఉండొచ్చు. ఎంటెక్ దాకా పోకపోతే పరిశోధన ఉద్యోగాలు దొరకడం కష్టం. ఇంట్లో అప్పులుండి, నాలుగేళ్లలో జీతం తప్పనిసరి అయితే సీఎస్ఈ తీసుకోవడం తప్పేం కాదు. నేను ఒప్పుకోనిది ఒకటే. ఆసక్తి ఉన్న పిల్లకు కూడా ఆ పేరే వినిపించకుండా వెబ్ ఆప్షన్లు పెట్టించే పద్ధతి. బ్రాంచి ఎంచుకునేటప్పుడు ఇంటి పక్క అన్న ప్యాకేజీ ఎంతో తెలుసు కానీ, ఆ బ్రాంచిలో ఏం చదువుతారో తెలియదు. ఆ తప్పులో మాలాంటి 'గైడెన్స్' చెప్పేవాళ్లకూ వాటా ఉంది.

ఆ అమ్మాయి నంబరు నిర్వాహకుల దగ్గర తీసుకుని వాళ్లింటికి ఫోన్ చేశాను. ఇదంతా చెప్పాను. వాళ్ల తాత ఫ్యాక్టరీలో ఫిట్టరట, క్రేన్ తాడు సంగతి చెప్పగానే నవ్వి 'మా తాతను అడుగుత సార్' అంది. వెబ్ ఆప్షన్లలో మెటలర్జీని మూడో స్థానంలో పెట్టిందట. మొదటి రెండూ సీఎస్ఈనే. నాన్న అంతవరకే ఒప్పుకున్నాడట.